కెర్నెల్లో కౌలు రైతు

సావనీర్‌కు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు వారం రోజులుగా నా వెంట పడుతున్నారు. కవిత్వం నాకు రాదు. కథ రాద్దామంటే నా ఇరవై ఏళ్ళ జీవితంలో కథ అనదగ్గది ఇంకా జరగలేదు. చివరికి వాళ్ళే, "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు గదా, దాని గురించే రాయి. కాకపోతే మాకు అర్థమయ్యేటట్టు రాయి" అన్నారు. ఆ రెండో షరతే నాకు కష్టమైంది.

నాకు తెలిసిన విద్యలు రెండే. ఒకటి పుట్టుకతో వచ్చిన వ్యవసాయం. రెండోది డిగ్రీలో చేరాక మొదలుపెట్టిన కంప్యూటర్ శాస్త్రం. ఈ రెండింటికీ సంబంధం ఉందని రెండేళ్ళ దాకా నాకే తెలియదు. తెలిసిన రోజున నా గది మిత్రుడి మూడు రోజుల పని నా చేతుల మీదుగా మట్టిలో కలిసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో కొంచెం శాస్త్రం వస్తుంది. విసుక్కోకుండా చదవమని మనవి.

మాది మణుగూరు దగ్గర చిన్న పల్లె. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, నడుమ సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు. బొగ్గు లారీలు, మిర్చి ట్రాక్టర్లు ఒకే రోడ్డు మీద పోతుంటాయి. 1991 లో మొదలైన భారజల కర్మాగారం, ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు వచ్చిన భద్రాద్రి థర్మల్ కేంద్రం కూడా మా చుట్టుపక్కలే. ఇంత పరిశ్రమ మధ్యన ఉండి కూడా మా ఇంట్లో గనిలోకి దిగినవాళ్ళు లేరు. అందరం మట్టినే నమ్ముకున్నాం. మాకు సొంతం రెండెకరాలు. అదీ ఒక్కచోట లేదు. చెరువు కింద ముప్పాతిక, వాగు అవతల అర, అడవి అంచున ముప్పాతిక. అది చాలక నాన్న ప్రతి ఏడూ ఎవరిదో ఒకరిది పొలం కౌలుకు పడతాడు. కౌలు మాట వినకుండా నేను పెరగలేదు.

పోయిన శివరాత్రి సెలవులకు ఇంటికి వెళ్ళాను. ఇక్కడినుంచి రైలెక్కి, డోర్నకల్, కొత్తగూడెం మీదుగా మణుగూరులో దిగేసరికి తెల్లారింది. ఆ రాత్రి నాన్నకు తోడుగా మిర్చి కళ్ళం కాపలాకు పోయాను. ఎర్రగా ఎండిన కాయలు ఎకరం మేర పరిచి ఉన్నాయి. ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ మంచం మీద కూర్చున్నాం. కాసేపయ్యాక నాన్న ఉన్నట్టుండి అడిగాడు.

"అవునుగానీ, మూడేళ్ళ నుంచి ఏం చదువుతన్నవురా నువ్వు? ఎవరన్నా అడిగితే కంప్యూటరని చెప్తన్నా. కంప్యూటర్లో ఏందంటే నాకు చెప్ప రావట్లేదు."

నిజం చెప్పాలంటే నాకూ చెప్పరాలేదు. ఆ రోజుల్లో నేను లైనక్స్ కెర్నెల్ మాడ్యూళ్ళ మీద చిన్న ప్రాజెక్టు చేస్తున్నాను. అదే చెబుదామని మొదలుపెట్టాను.

కంప్యూటర్లో అన్నిటికన్నా లోపల ఉండే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. అది ఇంటి పెద్దలాంటిది. ఏ పనికి ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్ ముందు ఎవరి వంతు, డిస్కు, కీబోర్డు, నెట్ ఎవరు వాడుకోవాలి, ఇవన్నీ అది చూస్తుంది. 1991 లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్ కూడా అలాంటి కెర్నెలే. మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగున ఉండేది అదే. లోకంలో ఉన్న ప్రతి ప్రింటరుకూ ప్రతి వైఫై పరికరానికీ కావలసిన కోడ్ అంతా కెర్నెల్లోనే కుక్కితే, వాడినా వాడకపోయినా అంత మెమరీ దండగ. అందుకని ఆ కోడ్‌ను ముక్కలు ముక్కలుగా బయట డిస్కు మీద ఉంచుతారు. పరికరం తగిలించినప్పుడు సంబంధించిన ముక్క లోపలికి వస్తుంది. పని లేదనుకుంటే తీసేయవచ్చు. ఆ ముక్కే మాడ్యూలు.

"అంటే కౌలు రైతన్నమాట" అన్నాడు నాన్న. "పెద్ద రైతు భూమిలోకి పంట కాలానికి వచ్చి, పంట తీసుకొని పోయేటోడు."

నేను తెల్లబోయాను. తరగతిలో నాలుగు పీరియడ్లు పట్టిన విషయం అది. అంతే, ఇక అక్కడినుంచి దారి దొరికింది.

మాడ్యూలు లోపలికి రావాలంటే ముందు దానికి చోటు కావాలి. ఆ చోటు ఎక్కడ పడితే అక్కడ ఇస్తే కుదరదు. మాడ్యూలు మాటిమాటికీ కెర్నెల్‌ను పిలుస్తుంది, కెర్నెల్ మాడ్యూలును పిలుస్తుంది. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ల ప్రాసెసర్లలో అలా పిలిచే మామూలు ఆదేశంలో దూరం రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంది. అంటే ముందుకు 2 గిగాబైట్లు, వెనక్కి 2 గిగాబైట్లు. అంతకు మించిన దూరానికి ఆ పిలుపు చేరదు. అందుకే ఆ ప్రాసెసర్ల మీద లైనక్స్, కెర్నెల్ పక్కనే 1520 మెగాబైట్ల చిరునామాలను మాడ్యూళ్ళ కోసమని గీసి పెట్టింది. దొంగలకు ఆచూకీ దొరకకుండా కెర్నెల్ చోటును ప్రతి బూటుకూ మార్చే రక్షణ పెట్టుకుంటే అది దాదాపు 1 గిగాబైటుకు తగ్గుతుంది. ఇది ర్యామ్ ఎంత ఉందన్న లెక్క కాదు, చిరునామాల లెక్క. ఫోన్లలో ఉండే 64 బిట్ల ఏఆర్‌ఎం ప్రాసెసర్లలో ఒక్క దూకుకు అందే దూరం ఇంకా తక్కువ, అటూ ఇటూ 128 మెగాబైట్లే. అంతకన్నా దూరమైతే నడుమ ఒక చిన్న మెట్టు కట్టి, దాని మీదుగా దూకిస్తారు.

"కేకేస్తే వినపడే దూరంలో ఉండాల" అన్నాడు నాన్న. నిజమే. బోరు ఒకచోట, పొలం ఒకచోట ఉంటే పైపుల ఖర్చే పంటను తినేస్తుంది. వాగవతల మా అర ఎకరానికి ఆ కష్టం తెలుసు.

ఇంకో చిక్కుంది. చోటు కావాలన్నప్పుడు అసలు ర్యామ్‌లో అంత ఖాళీ ఒకేచోట దొరకకపోవచ్చు. ర్యామ్‌ను 4096 బైట్ల పేజీలుగా విడగొట్టి పంచుతారు. కంప్యూటర్ కొన్ని గంటలు నడిచిందంటే ఖాళీ పేజీలు అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురైపోతాయి. కానీ మాడ్యూలుకు తన చోటంతా ఒకే వరుసలో కనపడాలి. అందుకని కెర్నెల్ చెదిరిన పేజీలనే తీసుకొని, పేజీ పట్టిక అనే పుస్తకంలో వాటికి వరుస చిరునామాలు రాస్తుంది. మా నాన్న పాసుపుస్తకం చూడండి. నేల మూడు దిక్కుల ఉంది, పుస్తకంలో మాత్రం మూడు వరుసలు ఒకదాని కింద ఒకటి పొందికగా ఉన్నాయి, కింద మొత్తం రెండెకరాలు. చదివేవాడికి మధ్యలో వాగు కనపడదు. మాడ్యూలుకూ అంతే. పైగా ప్రతి వాటా చివర కెర్నెల్ ఒక పేజీ చిరునామాను ఖాళీగా వదిలేస్తుంది. ఎవరైనా హద్దు దాటి ముందుకు పోతే వెంటనే పట్టుబడతారు. అది గట్టు.

నా పది లైన్ల మాడ్యూలు లోపలికి ఎక్కించి చూస్తే అది 12288 బైట్లు తీసుకుంది. సరిగ్గా మూడు పేజీలు. కోడ్‌కు ఒకటి, చదవడానికి మాత్రమే పనికొచ్చే సమాచారానికి ఒకటి, మారే సమాచారానికి ఒకటి. పది లైన్లకు మూడు పేజీలు ఎందుకంటే, ఒక్కొక్క రకానికి హక్కులు వేరు. కోడున్న పేజీని నడిపించవచ్చు గాని మార్చకూడదు. మారే సమాచారమున్న పేజీని మార్చవచ్చు గాని నడిపించకూడదు. 2023 జూన్‌లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి లైనక్స్ ఈ రకాలకు దేనికి దానికి విడిగా చోటు ఇస్తోంది. అంతకు ముందు అన్నీ ఒకే చెక్కలో పక్కపక్కన ఉండేవి.

కోడ్‌ను మొదట పేజీలో రాయాలి గదా, మార్చకూడదంటే ఎట్లా అని మీరు అడగవచ్చు. రాసేటప్పుడు ఆ పేజీకి నడిచే హక్కు ఉండదు. పైగా మాడ్యూలు తయారైనప్పుడు దానికి తన చిరునామా ఏదో తెలియదు. చోటు దొరికాకనే కోడ్‌లో ఖాళీగా వదిలిన చిరునామాలన్నీ పూరిస్తారు. ఆ పూరణ అంతా అయిపోయాక రాసే హక్కు తీసేసి, నడిచే హక్కు ఇస్తారు. రెండు హక్కులూ ఒకేసారి ఉండవు. ఉంటే బయటివాడు ఎవడో తన కోడ్ అందులో రాసి తనే నడిపించుకుంటాడు. దీన్ని నాన్నకు చెప్పబోతే ఆయనే అందుకున్నాడు. "ఫీజు పీకి పెట్టె తియ్యాల, పెట్టె మూసి ఫీజు పెట్టాల. రెండూ ఒక్కసారి చేసినోడు ఉండడు." మోటార్ల దగ్గర అలా పోయినవాళ్ళను మా వైపు ఎంతమందిని చూశామో.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. మాడ్యూలు మొదలయ్యేటప్పుడు ఒక్కసారే అవసరమయ్యే కోడ్ కొంత ఉంటుంది. పరికరాన్ని వెతకడం, పేరు నమోదు చేసుకోవడం లాంటివి. ఆ కోడ్‌కు కెర్నెల్ విడిగా చోటు ఇచ్చి, పని అయిపోగానే ఆ చోటును వెనక్కి తీసుకుంటుంది. మాడ్యూలు లోపల ఉంటుంది, మొదటి చోటు మాత్రం ఉండదు. ఇది అచ్చంగా నారుమడి. ఇరవై అయిదు రోజులు నారు పెంచి, నాట్లప్పుడు పీకి, ఆ మడిని కూడా దున్ని నాటు వేస్తాం. నారుమడి అని చెప్పి ఏడాది పొడుగునా అట్లాగే ఉంచే రైతు లేడు.

పంచే చోట తొక్కిసలాట ఉండనే ఉంటుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం వరుసలో చెప్పులు, పాసుపుస్తకాలు పెట్టిన ఫోటోలు మీరూ పత్రికల్లో చూసే ఉంటారు. ఒకే ఇంటి నుంచి నలుగురు వచ్చి నాలుగు చోట్ల నిలబడితే వరుస ఎంత పొడుగవుతుందో ఊహించండి. కెర్నెల్లోనూ ఇదే జరిగింది. వందల ప్రాసెసర్లున్న పెద్ద కంప్యూటర్లు మొదలయ్యేటప్పుడు ఒకే మాడ్యూలు కావాలని వందల విన్నపాలు ఒకేసారి వచ్చేవి. ఒక్కొక్క విన్నపానికీ ముందు చోటు ఇచ్చి, మాడ్యూలును తెచ్చి అందులో పెట్టి, ఆ తరువాత 'ఇది ఇదివరకే ఉంది గదా' అని చూసి వదిలేసేవారు. ఆ కాసేపట్లో చిరునామాలు చాలక కంప్యూటరే మొదలు కాకుండా పోయే ప్రమాదం వచ్చింది. 2023 లో లూయిస్ చాంబర్లేన్, లినస్ టోర్వాల్డ్స్ దీని మీద పనిచేసి, చోటు ఇవ్వక ముందే లోపల ఉందో లేదో చూసుకునేట్టు, ఒకే మాడ్యూలు కోసం వచ్చినవాళ్ళంతా మొదటివాడి పని అయ్యేదాకా ఆగేట్టు 6.4, 6.5 వెర్షన్లలో మార్చారు. 2024 జూలైలో వచ్చిన 6.10 లో ఈ చోటు పంచే పనినే మాడ్యూళ్ళ విభాగం నుంచి తీసి వేరే పెట్టారు. ఎందుకంటే అదే చోట కౌలుకు వచ్చేవాళ్ళు మాడ్యూళ్ళు కాక ఇంకా ఉన్నారు.

ఇంత చెప్పాక నాన్న కాసేపు ఊరుకున్నాడు. తరువాత ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"మరి పోయేటప్పుడు ఎట్టా పోతడు?"

"పోయేటప్పుడేముంది నాన్నా. తీసేయమంటే పోతాడు. చోటు మళ్ళీ కెర్నెల్‌కే."

"అంతేనా?"

"అంతే."

నాన్న ఇంకేమీ అనలేదు. కాయల మీద మంచు పడకుండా పట్టా కప్పడానికి లేచాడు. నేను చాలా బాగా చెప్పానని సంతోషపడి పడుకున్నాను.

సెలవులు అయిపోయి వచ్చాను. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. నా మాడ్యూలులో ఒక టైమరు పెట్టాను. అయిదు సెకన్లకోసారి అది నిద్రలేచి, కెర్నెల్ చిట్టాలో ఒక లైను రాసి, మళ్ళీ అయిదు సెకన్లకు తనను లేపమని చెప్పి పడుకుంటుంది. ఇలాంటి ప్రయోగాలు కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టుకొని అందులో చేయాలని మాకు మొదటి రోజే చెప్పారు. నా పాత ల్యాప్‌టాప్‌లో అంత మెమరీ లేదు. గది మిత్రుడిది కొత్తది. వాడు భోజనానికి వెళ్ళాడు. వాడి సంకేతపదం నాకు తెలుసు. అడగాలని తోచలేదు. ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టుకునే ఓపిక కూడా లేక నేరుగా వాడి లైనక్స్‌లోనే నా మాడ్యూలు ఎక్కించాను. కింద వరుసలో ఏదో కిటికీ మూసి ఉంది. ఏమిటా అని తెరిచి చూడలేదు.

మాడ్యూలు ఎక్కింది. అయిదు సెకన్లకోసారి లైను పడుతోంది. ఆ ఆనందం అనుభవించినవాడికే తెలుసు. మాడ్యూళ్ళ జాబితా చూశాను. ఒక్కొక్క మాడ్యూలు పేరు, దాని సైజు, దాన్ని ఎంతమంది వాడుతున్నారో ఒక అంకె ఉంటాయి. ఆ అంకె సున్నా అయితేనే తీసేయనిస్తుంది. నాదాని ఎదురుగా సున్నా. తీసేశాను. ఏ అభ్యంతరమూ రాలేదు. చోటు కెర్నెల్‌కు పోయింది. మనసులో నాన్నతో "చూశావా, అంతే" అనుకున్నాను.

అయిదు సెకన్లు గడిచాయి.

తెర బిగుసుకుపోయింది. మౌసు కదలలేదు. ఏ మీటా పని చేయలేదు. క్యాప్స్ లాక్ దీపం ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంది. కరెంటు మీట నొక్కి పట్టుకొని ఆపడం తప్ప దారి లేకపోయింది.

జరిగిందేమిటో చెబుతాను. మాడ్యూలు పోయింది గాని, "అయిదు సెకన్లకు నన్ను లేపు" అని అది కెర్నెల్‌కు చెప్పిన మాట పోలేదు. నేను టైమరును ఆపమని ఎక్కడా రాయలేదు. కెర్నెల్ మాట తప్పదు. సమయం కాగానే తన దగ్గర రాసి ఉన్న చిరునామాకు దూకింది. ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరూ లేరు. పేజీ పట్టికలో ఆ వరుసే కొట్టేశారు. మామూలు ప్రోగ్రామైతే అదొక్కటే చచ్చిపోయి మిగతావి బతికేవి. ఇక్కడ దూకింది కెర్నెల్. పెద్ద దిక్కే పడిపోతే ఇల్లంతా ఆగిపోయినట్టు మొత్తం ఆగిపోయింది. ఇంకా ఒక తప్పు తరువాత బయటపడింది. నా మాడ్యూలు నడిచేటప్పుడు కెర్నెల్‌ను అడిగి ఇంకొంత మెమరీ తీసుకుంది. అది కూడా తిరిగి ఇవ్వలేదు. మామూలు ప్రోగ్రాము చచ్చిపోతే అది వాడిన మెమరీని కెర్నెలే ఏరుకుంటుంది. మాడ్యూలుకు ఆ సదుపాయం లేదు. మాడ్యూలు సొంత పేజీలు వెనక్కి పోతాయి గాని, అది విడిగా చేబదులు తీసుకున్నది కంప్యూటర్ మళ్ళీ మొదలయ్యేదాకా ఎవరికీ కాకుండా ఉండిపోతుంది. జాబితాలో సున్నా ఉండటం నిజమే. ఆ సున్నా లెక్కలోకి టైమరూ రాలేదు, చేబదులూ రాలేదు.

గది మిత్రుడు వచ్చాడు. ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం వాడు ఒక లెక్క నడిపిస్తున్నాడు. మూడు రోజులుగా రాత్రింబగళ్ళు నడుస్తోంది. ఆ రాత్రి పదకొండింటికి అయిపోవాలి. అయిపోయాకనే ఫలితాలు ఫైల్లోకి వస్తాయి. నేను తెరిచి చూడని కిటికీ అదే. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి.

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తెర వంక చూసి, "అడిగితే రేపు పొద్దున ఇచ్చేవాణ్ణి గదరా" అని, దుప్పటి కప్పుకొని అటు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ మూడు రోజులు లెక్క నడిచింది. ఆలస్యంగా ఇచ్చాడు. కొన్ని మార్కులు పోయాయి. ఆ మూడు రోజులు మా గదిలో ఆ ల్యాప్‌టాప్ ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో మాట లేదు.

రెండో రోజు రాత్రి నిద్ర పట్టక వరండాలో కూర్చుంటే నాన్న ప్రశ్న గుర్తొచ్చింది. దాని వెనకాలే ఇంకో జ్ఞాపకం వచ్చింది.

2017 ఎండాకాలం. నేను ఆరో తరగతి. మేం నాలుగేళ్ళుగా చేస్తున్న కౌలు పొలాన్ని ఆసామి తనే చేసుకుంటానన్నాడు. లెక్కలన్నీ తేలిపోయాయి. కౌలు ఇచ్చేశాం, బాకీ సున్నా. మర్నాడు పొద్దున్నే నాన్న నన్ను వెంటబెట్టుకొని మళ్ళీ ఆ పొలానికే పోయాడు. మోటారు ఆసామిదే. దాని స్టార్టరుకు మేం పెట్టుకున్న ఆటో మాత్రం మాది. అప్పట్లో కరెంటు వంతులవారీగా వచ్చేది. మాకు 24 గంటల కరెంటు వచ్చింది 2018 జనవరి నుంచి. అర్ధరాత్రి కరెంటొస్తే లేచి పోకుండా మోటారు దానంతటదే తిరగడానికి అందరూ ఆటోలు పెట్టుకునేవాళ్ళు. నాన్న ఫీజులు పీకి, ఆటో విప్పి, వైర్ల కొసలకు టేపు చుట్టాడు. నీళ్ళ కోసం మేం కొట్టిన అడ్డ గండి పూడ్చాడు. పీకిన ఫీజులు తీసుకుపోయి ఆసామి చేతిలో పెట్టాడు.

"లెక్క అయిపోయింది గదా నాన్నా, మళ్ళీ ఎందుకొచ్చినం?" అని అడిగాను. ఎండ మండిపోతోంది. నాకు ఆటకు పోవాలని ఉంది.

"మనం పోయినా కరెంటొస్తదిరా" అన్నాడు. "అది ఎవరున్నరని చూడదు. రేత్రి దానంతట అదే మోటారు తిరిగితే, ఆ సంగతి తెలవనోడు బావిలోకి దిగుంటే?"

శివరాత్రి రాత్రి నాన్న అడిగింది ఇదే. 'అంతేనా' అని రెండోసారి అడిగింది కూడా ఇందుకే. ఆయనకు కెర్నెల్ తెలియదు, టైమరు తెలియదు. పోవడం అంటే ఏమిటో తెలుసు. నాకు అన్నీ తెలుసనుకున్నాను. అది తెలియదు.

పొద్దున్నే ఫోను చేసి జరిగింది చెప్పాను. అంతా విని, "ఆ పిలగాడికి ఏమన్నా నష్టమైందా?" అన్నాడు. అయిందన్నాను. "నీ వల్లయింది గదా, వాడి పని అయ్యేదాక నువ్వు కూడా మేలుకోని ఉండు" అన్నాడు. మోటారు గురించి గాని, ఆటో గురించి గాని ఒక్క ముక్క అనలేదు. మిగిలిన ఒక రాత్రి నేను ఆ ల్యాప్‌టాప్ పక్కనే కూర్చున్నాను. నిజానికి నేను కూర్చున్నందువల్ల లెక్క తొందరగా కాదు. చార్జరు ఊడకుండా చూడటం, కరెంటు పోతే వార్డెన్‌ను లేపడం, అంతే నా పని. తెల్లవారుజామున నాలుగింటికి ఫలితాలు ఫైల్లోకి వచ్చాయి. వాణ్ణి లేపాను. వాడు చూసుకొని, "టీ తాగుదాం పద" అన్నాడు.

నా మాడ్యూలులో దిద్దుబాటు రెండే లైన్లు. బయటికి పోయేటప్పుడు నడిచే ఫంక్షనులో మొదట టైమరును ఆపడం, తరువాత తీసుకున్న మెమరీని తిరిగి ఇచ్చేయడం. ఈ వరుస తిరగబడకూడదు. మెమరీ ముందు ఇచ్చేస్తే, ఆ నడుమ టైమరు లేచి లేనిదాన్ని వాడుకోబోతుంది. టైమరును ఆపే పద్ధతుల్లో కూడా తేడా ఉంది. ఒకటి ఇకముందు లేవకుండా మాత్రమే చూస్తుంది. రెండోది, ఆ క్షణానికి ఇంకో ప్రాసెసర్ మీద అది నడుస్తూ ఉంటే అది ముగిసేదాకా ఆగుతుంది కూడా. ఇలాంటి చోట వాడవలసింది రెండోదే. నాన్న ఫీజులు పీకాక చక్రం పూర్తిగా ఆగిందాకా నిలబడి చూసేవాడు. ఆ నిలబడటమే అది.

ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజున నా దృష్టంతా చోటు ఎట్లా దొరుకుతుందన్న దాని మీదే ఉండేది. కేక వినపడే దూరం, గట్టు, నారుమడి, ఇవన్నీ తెలుసుకోవడం సరదాగా ఉంది. ఇప్పుడూ ఉంది. అయితే మాడ్యూలు రాసేవాడికి చోటు ఇచ్చే పని కెర్నెల్ చేసిపెడుతుంది, అందులో మనం చేసేది తక్కువ. వదిలిపోయేటప్పుడు ఏమేమి వెనక్కి పెట్టాలో మాత్రం కెర్నెల్ చెప్పదు. అది మనమే గుర్తుపెట్టుకోవాలి. ఎవరిని ఏ సమయానికి లేపమన్నామో, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నామో, జాబితాలో సున్నా కనపడినంత మాత్రాన అవి తీరిపోవు. అందుకే నేను ఇప్పుడు మాడ్యూలు రాసేటప్పుడు పోయే ఫంక్షను ముందు రాస్తున్నాను. వచ్చే ఫంక్షనులో ఒక లైను చేర్చగానే, దానికి జవాబుగా పోయే ఫంక్షనులో ఇంకో లైను రాస్తేగాని ముందుకు పోవడం లేదు. పద్ధతి కొంచెం మందంగా ఉంది. నష్టం లేదు.

మిత్రులారా, ఈ సావనీర్ మీ చేతికి వచ్చేసరికి మా మూడో ఏడు వాళ్ళం గదులు ఖాళీ చేసే పనిలో ఉంటాం. మూడేళ్ళ కౌలు ముగిసింది. లైబ్రరీ, మెస్సు, హాస్టలు, అన్నిచోట్లా బాకీ లేదని సంతకాలు పెట్టించుకొని తిరుగుతున్నాం. ఆ కాగితంలో లేనివి నాకు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక జూనియరుకు రికార్డు రాయడంలో సాయం చేస్తానన్నాను. మెస్సులో వంట చేసే అక్క కొడుక్కి డిగ్రీ ప్రవేశాల సంగతులు కనుక్కొని చెబుతానన్నాను. పోయేలోపల అవి చూసుకోవాలి.

అచ్చుకు ఇచ్చే ముందు ఈ వ్యాసాన్ని మా గది మిత్రుడికి చదివి వినిపించాను. వాడి సంగతి రాశాను గనక అనుమతి అడగడం మర్యాద. ఈసారి అడిగాను. అంతా విని, "మార్కులు పోయిన సంగతి రాయకపోయినా బాగుండేది. సరేలే, ఉంచు" అన్నాడు. కాసేపాగి, "మీ నాన్నకు కూడా వినిపించు" అన్నాడు.

మిర్చి అమ్మకాలు అయిపోయాయట. ఈ వేసవిలో పోయినప్పుడు వినిపిస్తాను.